ప్రజల చారచక్షువు: సురవరము ప్రతాపరెడ్డిగారి పత్రికాజీవితము

రాజు చారచక్షువని రాజనీతిశాస్త్రకర్తలు చెప్పియున్నారు. సామాన్యుడు తన కన్నులతో చూచును; రాజు చారుల కన్నులతో చూచును. రాజ్యమందు ఏ మూల నేమి జరుగుచున్నదో తెలిసికొనుటకు రాజునకు చారులు, లేఖహారకులు, అధికారులు కలరు. ఈ సిద్ధాంతమునకు రెండవ పార్శ్వమొకటి కలదు. ప్రజలు ఒకరినొకరు చూచుకొనుటకు సాధనమేది? ఒక గ్రామమందలి రైతు కష్టము మరియొక తాలూకాలోని రైతునకు తెలియుటెట్లు? పూర్వకాలమున యాత్రికులు, హరికథకులు, వర్తకులు ఈ పనిని కొంతవరకు నెరవేర్చిరి. ఆధునికకాలమున ఆ భారము పత్రికపై బడినది.

పత్రికకును సమాజమునకును గల సంబంధమును విచారించువారు పత్రికను దర్పణముతో పోల్చుట పరిపాటి. దర్పణమందు కనబడుటకు ముందే వస్తువు ఉండవలెను. తామొక సమాజమను ఎఱుక ప్రజలకే చాలని దేశములును, కాలములును కలవు. అట్టి చోట పత్రిక చేయవలసిన పని దర్పణము చేయు పనికంటె పెద్దది. చెదరియున్నవారిని ఒకరికొకరిని చూపి, మనమని పలుకుటకు వారికి ధైర్యము కలిగించుట ఆ పని. హైదరాబాదు సంస్థానమందలి తెలుగువారి విషయమున ఇట్టి కార్యమును నిర్వహించిన వానిలో గోలకొండ పత్రిక ముఖ్యమైనది. దానిని నడపినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. చరిత్రకారులుగా వారి కీర్తి విద్వల్లోకమున సుస్థిరము. ఆ చరిత్రకారుని తీర్చిదిద్దినది పత్రికాకార్యాలయమను విషయము మాత్రము తగినంతగా విచారింపబడలేదు.

1896 మే 28వ తేదీన ప్రతాపరెడ్డిగారు బోరవెల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి నారాయణరెడ్డిగారు, తల్లి రంగమ్మగారు. ఇటిక్యాలపాడు వారి స్వగ్రామము. నాడు నిజాము రాజ్యమున రాయచూరు జిల్లాకు చెందిన ఆ ప్రాంతము నేడు తెలంగాణ రాష్ట్రమున జోగులాంబ గద్వాల జిల్లాలో నున్నది. నవబ్రహ్మాలయములకును, జోగులాంబాపీఠమునకును నెలవైన ఆలంపురము వారి ప్రాంతమునకు పుణ్యక్షేత్రము. తుంగభద్ర కావలి యొడ్డున కర్నూలు. నది యొకటే యైనను దాని రెండు గట్లును రెండు ప్రభుత్వముల క్రింద నుండెను. ఆవలి గట్టున మద్రాసు రాజధాని. ఈవలి గట్టున నిజాము పాలన. రెండు గట్లమీదను ప్రజలు పలుకునది తెలుగే. ఆవలి గట్టున ఆ భాషలో పత్రికలు, సభలు, పుస్తకప్రచురణ వర్ధిల్లుచుండగా, ఈవలి గట్టున ఆ భాష ఇంటికిని, సంతకును, దేవాలయమునకును పరిమితమై యుండెను. ఈ భేదమును గ్రంథములనుండి తెలిసికొనవలసిన యవసరము ప్రతాపరెడ్డిగారికి కలుగలేదు. విద్యార్థిదశలో నది దాటినపుడెల్ల అది వారి కంటికి కనబడినదే.

కర్నూలులో వారు ఉన్నతపాఠశాల విద్య నభ్యసించిరి. వెల్లాల శంకరశాస్త్రిగారి సన్నిధిని సంస్కృతకావ్యములు చదివినది అచ్చటనే. తదుపరి హైదరాబాదు నిజాము కళాశాలయందును, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలయందును చదివి బి.ఎ. పట్టమును, పిమ్మట న్యాయశాస్త్రమున బి.ఎల్. పట్టమును పొందిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1914 నుండి మద్రాసున దినపత్రికగా వెలువడుచుండెను. కృష్ణాపత్రిక 1902లోనే బందరున పుట్టినది. తెలుగు పత్రిక ఎంతపని చేయగలదో చూచుటకు మద్రాసులోని విద్యార్థికి కావలసినంత యవకాశ ముండెను. విద్య ముగిసిన పిమ్మట ప్రతాపరెడ్డిగారు కొంతకాలము న్యాయవాదవృత్తి నవలంబించిరి. గురుముఖమున చదివిన కావ్యములు, ఆంగ్లవిద్యవలన వచ్చిన చరిత్రదృష్టి, సాక్ష్యము లేని మాట నిలువదను న్యాయవాదబుద్ధి యను నీ మూడును వారి జీవితకార్యమంతటికిని మూలధనము.

ఆ నాటి హైదరాబాదు సంస్థానమున తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ మాటలాడు ప్రజలుండిరి. అందు తెలుగువారు దాదాపు సగము. అయినను రాజభాష ఉర్దూ. న్యాయస్థానముల భాషయు ఉన్నతవిద్యకు మాధ్యమమును అదియే. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున సైతము బోధన ఉర్దూలోనే జరిగెను. దేశభాషలలో నొకదానిని ఉన్నతవిద్యకు మాధ్యమముగా చేయుట యనునది స్వతహాగా ప్రశంసనీయమైన ప్రయోగమే. అయితే అధికసంఖ్యాకులైన తెలుగు బాలురకు అది ఇంటిభాష కాదు. తన పొలమునకు సంబంధించిన తీర్పును తాను చదువుకొనలేని స్థితి రైతునకు ఏర్పడినది. భాష రానివాడు తన రాజ్యమందే పరదేశి యగును.

ఈ స్థితిలో తెలుగుభాషకు ఆశ్రయమిచ్చినవి ప్రజలు తాముగా నెలకొల్పుకొన్న సంస్థలే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండ యందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1921 నవంబరు మాసమున హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణమున జరిగిన సంఘసంస్కారసభలో ఒక వక్త తెలుగున ప్రసంగింపబూనగా సభికులలో కొందరు గేలిచేసిరి. ఆ యవమానమే బీజముగా ఆంధ్రజనసంఘ మావిర్భవించినది. మరుసటి సంవత్సరమున నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారి నీలగిరి పత్రికయు, ఓరుగల్లు మండలమందలి ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రికయు వెలువడినవి. ఆ రెండును కొన్ని సంవత్సరములు నడచి ఆగిపోయినవి. అవి చేసిన సేవ చిన్నది కాదు. రాజధానీనగరమున నిలదొక్కుకొని దీర్ఘకాలము నడువగల తెలుగు పత్రిక యొక్క ఆవశ్యకతను అవియే లోకమునకు తెలిపినవి.

1924 ప్రాంతమున ప్రతాపరెడ్డిగారు హైదరాబాదు చేరి రెడ్డి విద్యార్థి వసతిగృహ నిర్వహణభారమును స్వీకరించిరి. 1918లో వెలసిన ఆ వసతిగృహమునకు ప్రధానపోషకులు రాజబహద్దూరు వేంకటరామారెడ్డిగారు. వారు నాడు హైదరాబాదు నగరమునకు కొత్వాలు, అనగా రక్షకభటశాఖకు అధిపతి. ప్రతాపరెడ్డిగారు ఆ వసతిగృహమందలి గ్రంథాలయమును వృద్ధిపఱచిరి. పల్లెలనుండి వచ్చిన విద్యార్థులకు మాతృభాషాభిమానమును, పఠనాసక్తిని అలవరచిరి. ఆ యువకులలో పలువురు తరువాతి కాలమున ప్రజాజీవితమున ప్రవేశించిరి. గోలకొండ పత్రికకు ఆలోచన కుదిరినదియు ఈ వాతావరణమందే.

1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక తొలిసంచిక వెలువడినది. ఆంధ్రభాషాసేవయు, జాతిమతకుల భేదములు పాటింపక ఆంధ్రులలో అన్ని శాఖలవారి యభివృద్ధికి పాటుపడుటయు తన యుద్దేశములుగా అది ప్రకటించుకొన్నది. వారమునకు రెండుమారులు వెలువడు పత్రిక యది. తగినంత సిబ్బంది లేదు, ధనము లేదు. సంపాదకీయము వ్రాయుట, వార్తలను తిరుగవ్రాయుట, అచ్చుతప్పులను దిద్దుట, చందాదారుల లేఖలకు బదులు వ్రాయుట యనునవి తరచుగా ఒక్కరే చేయవలసివచ్చెను. తక్కిన రచనలు చాలనపుడు ప్రతాపరెడ్డిగారే మాఱుపేరులతో వ్యాసములను, కథలను వ్రాసి పుటలు నింపిరి. పాలనాయంత్రపు వింతపోకడలను హాస్యముగా చిత్రించు మొగలాయి కథలు వారి రచనలలో నొకటి.

అక్షరాస్యులు అత్యల్పముగా నున్న దేశమున పత్రికవలన ఏమి ప్రయోజనమని శంక కలుగవచ్చును. అచ్చువేసిన ప్రతుల సంఖ్యనుబట్టి ఆనాటి పత్రిక బలమును కొలుచుట పొరపాటు. గ్రామమునకు ఒక ప్రతి చేరిన చాలును. ఒకరు చదువగా పదిమంది వినెడివారు. పురాణశ్రవణమునకు అలవాటుపడిన సమాజమునకు పత్రికాశ్రవణము కొత్తవిద్య కాలేదు. పురాణము విని లేచునపుడు శ్రోతకు పుణ్యము లభించునను విశ్వాసము కలదు. పత్రిక విని లేచునపుడు తనవంటివాడు మరియొకచోట తనవలెనే వెట్టి చేయుచున్నాడను తెలివి లభించినది. తన బాధ తన నుదుటివ్రాత కాదనియు, అది యొక వ్యవస్థనుండి పుట్టినదనియు తోచుటకు ఇది మొదటిమెట్టు. గ్రామాధికారుల దౌర్జన్యమును గూర్చియు, వెట్టిచాకిరిని గూర్చియు, తెలుగు పాఠశాలల కొఱతను గూర్చియు పత్రిక ఎలుగెత్తెను. ఊరిలో నోరు విప్పలేనివానికి పత్రికకు జాబు వ్రాయు మార్గ మొకటి తెరువబడినది.

ఇచ్చట ఒక చిక్కుప్రశ్నను దాటవేయరాదు. పత్రికకు ధనసాహాయ్యము చేసినవారిలో భూస్వాములు, సంపన్నులు ఉండిరి. సంపాదకులు సైతము భూవసతిగల కుటుంబమునకు చెందినవారే. పోషకులలో ప్రముఖులైన కొత్వాలుగారు ప్రభుత్వమునకు కుడిభుజము. రాజునకు చారచక్షువైన అధికారియే ప్రజల చారచక్షువునకు అండగా నిలుచుట విచిత్రమైన సంఘటనము. పోషకుని మనస్సు నొవ్వకుండ వ్రాయవలెనా, పాఠకుని బాధను ఉన్నదున్నట్లు వ్రాయవలెనా యను సంకటము ప్రతి పత్రికాసంపాదకునకును కలదు. అది గోలకొండ పత్రికకు మఱింత తీవ్రముగా నుండెను. ప్రతాపరెడ్డిగారు విప్లవవాదులు కారు. విద్య, విజ్ఞాపనము, సంఘటితకృషి యను మార్గములయందే వారికి విశ్వాసము. కావున తరువాతి కాలపు ఉద్యమకారులకు వారి స్వరము మెత్తనిదిగా తోచుట సహజము. తమ వర్గమువారి ప్రయోజనములకు చుట్టమై యుండవలసిన పత్రికలో వెట్టిని ఖండించుట యనునది మెత్తనివాని పని కాదని సైతము గుర్తింపవలెను. రాజకవుల కాలమునుండియు పోషకుని యెదుట సత్యము పలుకుట విద్వాంసునకు కఠినపరీక్షయే. ఆ పరీక్షలో ప్రతాపరెడ్డిగారు పలుమారులు నెగ్గిరి. సంపూర్ణముగా నెగ్గిరని చెప్పుట చరిత్రకు న్యాయము కాదు.

ప్రభుత్వమునుండి వచ్చిన నిర్బంధములు వేఱు. సంస్థానమున సభ జరుపవలెనన్న అనుమతి కావలెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ఈ విషయమున ప్రసిద్ధి కెక్కినది. సభలకు ఇంత నిర్బంధమున్నచోట పత్రికపై కన్ను పడకుండునా? సంపాదకీయములను ముందుగా సమాచారశాఖకు చూపి అనుమతి పొందిన పిమ్మటనే ప్రచురింపవలెనని ప్రభుత్వము గోలకొండ పత్రికను ఆజ్ఞాపించినది. ఆ సమయమున ప్రతాపరెడ్డిగారు చేసిన పని పత్రికాచరిత్రమున చిరస్మరణీయము. వారు సంపాదకీయములు వ్రాయుట మాని, ఆ స్థానమున ప్రపంచమందలి మేధావులు ప్రజాస్వామ్యమును, స్వాతంత్ర్యమును గూర్చి పలికిన సూక్తులను ఏర్చికూర్చి ముద్రింపసాగిరి. వ్రాసినది సంపాదకుడు కాడు గనుక ప్రభుత్వము తప్పుపట్టుటకు వీలులేదు. ఆ మాటలు ఎవరినుద్దేశించి యచ్చట నిలిచినవో పాఠకునకు బోధపడకపోదు. వాచ్యమును నిషేధించిన చోట వ్యంగ్యము బలపడునని ఆలంకారికులు చెప్పిన సూత్రమునకు ఇంతకంటె మంచి లౌకికోదాహరణము దొరకుట యరుదు. ధ్వనిసిద్ధాంతమును కావ్యమునకు మాత్రమే పరిమితముచేసి బోధించువారు ఈ సంఘటనను మననము చేయదగును.

1930లో మెదకు మండలమందలి జోగిపేటయందు నిజాము రాష్ట్ర ప్రథమాంధ్రమహాసభ జరిగినది. దానికి అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారు. దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళాసభయు జరిగినది. తొమ్మిది సంవత్సరములకు ముందు రాజధానిలో తెలుగున మాటలాడుటయే పరిహాసపాత్రమైన దేశమున తెలుగువారు తమ సమస్యలను తమ భాషలో చర్చించుకొనుట సామాన్యమైన మార్పు కాదు. నాలుగు సంవత్సరములుగా వారమునకు రెండుమారులు పత్రిక ఊళ్లకు చేరుచుండుట ఆ మార్పునకు దోహదము చేసినది. ఒకరి పేరు ఒకరు ముందే పత్రికలో చదివియున్నవారు సభలో కలిసికొన్నపుడు పరదేశులు కారు.

ప్రతాపరెడ్డిగారి పత్రికాజీవితమున శిఖరప్రాయమైన కార్యము 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచిక. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాసెను. పూజ్యమనగా సున్న. ఇట్టి మాటకు సాధారణముగా వచ్చు ప్రత్యుత్తరము ఆగ్రహము, లేదా పూర్వవైభవవర్ణనము. పాలకురికి సోమనాథుని, పోతనామాత్యుని పేర్లు చెప్పి సంతృప్తి పడవచ్చును. ప్రతాపరెడ్డిగారు న్యాయవాదులు, ఆక్షేపణమునకు ఆక్షేపణము సమాధానము కాదని, సాక్ష్యమే సమాధానమని యెఱిగినవారు. వారు తమ పత్రికాసాధనమును వినియోగించి సంస్థానమందలి నానాప్రాంతముల కవుల పద్యములను, జీవితవివరములను సేకరించిరి. అట్లు చేరినవానిని పరిష్కరించి, కూర్చి, సంచికగా ముద్రించిరి. అందు స్థానము పొందిన కవుల సంఖ్య 354.

ఈ సంచికను కేవలము కవితాసంకలనముగా పరిగణించినచో దాని స్వరూపము సరిగా బోధపడదు. అందలి పద్యములన్నియు ఉత్తమకావ్యలక్షణములు గలవని ఎవరును వాదింపరు. కొన్ని ప్రౌఢములు, కొన్ని శిక్షాభ్యాసదశలోనివి. సంపాదకుల దృష్టి గుణతారతమ్యము మీద కాక అస్తిత్వనిరూపణము మీద నిలిచినది. ప్రభుత్వము ఆశ్రయమీయకున్నను, పాఠశాల బోధింపకున్నను, ఈ గడ్డమీద మారుమూల గ్రామములందు తెలుగుపద్యము బ్రతికియున్నదని ఒక్కొక్క పేరును, ఊరును చెప్పి నిరూపించుట వారి ప్రయోజనము. సంచిక వెలువడకముందు ఆ కవులలో పెక్కురకు ప్రక్క మండలమున తమవంటివా రున్నారని తెలియదు. సంచికను చేతబట్టినపుడు వారు తమ పేరుతోపాటు తక్కిన 353 పేర్లను చూచిరి. బయటివాని యాక్షేపణకు సమాధానముగా పుట్టిన సంపుటము లోపలివారికి పరస్పరపరిచయ గ్రంథమైనది. సమాజమును కూర్చు పని పత్రిక యెట్లు చేయునో తెలిసికొనగోరు పరిశోధకునకు ఇది మంచి నిదర్శనము.

గ్రంథాలయోద్యమమును వారు పత్రికాకృషికి తోడుగా భావించిరి. పత్రిక నేటి విషయమును చెప్పును; గ్రంథాలయము దానిని పరీక్షించు శక్తి నిచ్చును. చదువుట నేర్చి చదువుటకు పుస్తకము లేనివాడు మరల నిరక్షరుడగును. ఈ విషయమునే వారు గ్రంథాలయోద్యమమను పుస్తకమున విస్తరించి వ్రాసిరి. 1943లో హైదరాబాదున వెలసిన ఆంధ్రసారస్వత పరిషత్తుకు వారు తొలినాళ్లలోనే అధ్యక్షత వహించిరి. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు మొదలగు గ్రంథములును వారి బహుముఖపాండిత్యమునకు సాక్షులు.

1940వ దశకపు ఉత్తరార్ధమున హైదరాబాదు సంస్థానము అల్లకల్లోలమైనది. తెలంగాణ రైతుల సాయుధపోరాటము, రజాకార్ల దురాగతములు, విలీనోద్యమము ఏకకాలమున నడచినవి. పత్రికారచయితల ప్రాణములకు సైతము రక్షణ లేకపోయెను. భారతయూనియనులో సంస్థానము చేరవలెనని నిర్భయముగా వ్రాసిన ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాను 1948 ఆగస్టులో హైదరాబాదు వీథిలో హత్యకు గురియయ్యెను. ఈ సంఘటన మరియొక సత్యమును చాటుచున్నది. నిరంకుశత్వమునకు ఎదురునిలిచినది ఒక్క తెలుగు పత్రిక మాత్రమే కాదు. ఉర్దూ పత్రికారచయితలలోను ప్రజాపక్షపాతు లుండిరి. మందుముల నరసింగరావుగారి రయ్యత్ పత్రికయు ఉర్దూలోనే వెలువడినది. ఉర్దూభాషకును నిరంకుశత్వమునకును అభేదము కల్పించుట చారిత్రకదోషము. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున విలీనమైనది.

మరుసటి సంవత్సరము 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్ర వెలువడినది. రాజుల వంశావళులును, యుద్ధముల తేదీలును చరిత్రసర్వస్వము కావనియు, ప్రజలెట్లు జీవించిరో తెలుపునదే నిజమైన చరిత్రయనియు దాని సిద్ధాంతము. తూర్పుచాళుక్యుల కాలము మొదలు ఇరువదవ శతాబ్ది తొలిసంవత్సరముల వఱకు తెలుగువారి ఆహారము, వస్త్రధారణము, ఆటపాటలు, వృత్తులు, వర్తకము, విశ్వాసములు, దురాచారములు అందు విచారింపబడినవి. శాసనములతోపాటు ప్రధానమైన ఆకరములుగా వారు గ్రహించినవి కావ్యములు. పండితారాధ్యచరిత్రమున శ్రీశైలయాత్రికుల యాటపాటలు, క్రీడాభిరామమున ఓరుగంటి వీథులు, సింహాసన ద్వాత్రింశికయందలి లోకాచారములు, ఆముక్తమాల్యదయందు ఋతువులననుసరించి మారు పల్లెబ్రతుకు, శుకసప్తతి హంసవింశతులందు గృహోపకరణములు, వృత్తిపనిముట్లు, బాలక్రీడల పేర్లు వారికి చరిత్రసాక్ష్యములైనవి.

ఈ దృష్టి వారికెచ్చటినుండి వచ్చినది? అలంకారశాస్త్రము చదివినవాడు హంసవింశతిని తెరచి అందలి పట్టికలను అప్రస్తుతప్రసంగముగా భావించి దాటిపోవును. ఇరువదేండ్లకు పైగా గ్రామములనుండి వచ్చిన జాబులను చదివిన సంపాదకుడు అట్లు దాటిపోలేడు. ఏ ఊరిలో ధాన్యపు ధర యెంత, ఏ పండుగకు ఎవరు వెట్టి చేయుచున్నారు, ఏ యాట పిల్లలు మఱచిపోయిరి యను ప్రశ్నలు ఆయన నిత్యకృత్యము. ఆ ప్రశ్నలనే తీసికొనిపోయి ఆయన పూర్వకవుల నడిగెను. వారు సమాధానము చెప్పిరి. ప్రబంధకవి వర్ణనకొఱకు కూర్చిన విషయము అయిదు శతాబ్దుల పిమ్మట ప్రజాజీవితమునకు వార్తాలేఖగా పనికివచ్చినది. ఇందు ప్రమాదము లేకపోలేదు. కవిసమయమును యథార్థమని భ్రమించుట, వర్ణనను గణనగా స్వీకరించుట యను దోషములకు ఈ మార్గమున అవకాశము కలదు; తరువాతి పరిశోధకులు కొన్ని నిర్ణయములను సవరింపవలసియుండుట సహజము. అయినను కావ్యములను ఇట్లు ప్రశ్నింపవచ్చునని నిరూపించి మార్గము వేసిన గౌరవము ప్రతాపరెడ్డిగారిదే. సాహిత్య అకాడెమీ 1955లో తెలుగునకు ప్రకటించిన ప్రథమపురస్కారము ఈ గ్రంథమునకే లభించినది.

ఆ పురస్కారమును స్వీకరించుటకు గ్రంథకర్త జీవించిలేరు. 1951లో వారు ప్రజావాణి పత్రికను ప్రారంభించిరి. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25వ తేదీన దివంగతులైరి. నాటికి వారి వయస్సు 57 సంవత్సరములు. రెండు గట్ల తెలుగువారును ఒకే రాష్ట్రముగా నేర్పడుటను గాని, 2014లో తెలంగాణము ప్రత్యేకరాష్ట్రమగుటను గాని వారు చూడలేదు. తెలంగాణ సాహిత్యవిశిష్టతను చెప్పవలసిన ప్రతిసందర్భమునను గోలకొండ కవుల సంచిక మరల మరల స్మరింపబడినది. 2025లో హైదరాబాదునందలి తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టబడినది. తెలుగునకు పాఠశాలలో సైతము చోటు చాలని కాలమున కలము పట్టిన వానికి తెలుగు విశ్వవిద్యాలయము స్మారకమగుట ఉచితము.

వారి కాలమునకును నేటికిని మధ్య పరిస్థితి తలక్రిందులైనది. నాడు వార్త దొరకుట కష్టము. నేడు వార్తను తప్పించుకొనుట కష్టము. పత్రిక, ఆకాశవాణి, దూరదర్శనము, చేతిఫోను ద్వారా సమాచారము ఇంటింటికిని పారుచున్నది. అయినను ప్రజలు ఒకరినొకరు చూచుకొనుచున్నారా యను ప్రశ్న మాత్రము అట్లే యున్నది. సమాచారము సమృద్ధిగా నుండియు పొరుగువాని బ్రతుకు కనబడనిచో చారచక్షువు మూతపడినట్లే. సాధనము చిన్నదైనను ఎవరిని చూపవలెనను వివేకము సంపాదకునకు ఉన్నచో సమాజమునకు మేలు జరుగునని గోలకొండ పత్రిక చరిత్ర తెలుపుచున్నది.

ప్రాచ్యకళాశాలల పరిశోధకులకు ఈ జీవితమునుండి గ్రహింపదగిన కర్తవ్యము మరియొకటి కలదు. ప్రతాపరెడ్డిగారు పూర్వకావ్యములనుండి ప్రజలచరిత్రను తోడిరి. వారి పత్రిక పాతసంచికలు నేడు అదేవిధమైన ఆకరములు. అందలి గ్రామలేఖలు, ప్రకటనలు, చందాదారులకు చేసిన విజ్ఞప్తులు, పుస్తకసమీక్షలు ఆ కాలపు తెలంగాణ జీవితమునకు ప్రత్యక్షసాక్ష్యములు. అమరవ్యాఖ్యకు, మనుచరిత్రవ్యాఖ్యకు చూపు శ్రద్ధలో కొంతభాగము ఈ కాగితములకు కేటాయించి, విషయానుక్రమణికలు సిద్ధపఱచి, భాషను, ఆచారములను, ధరవరలను పరిశీలించినచో ఆంధ్రుల సాంఘికచరిత్రకు తరువాతి ప్రకరణములు వ్రాయుటకు వీలగును. ఆ గ్రంథము 1907 సంవత్సరము దగ్గఱ ఆగినది. ఆ తరువాతి కాలమునకు సామగ్రిని గ్రంథకర్తయే వారమునకు రెండుమారులు అచ్చువేసి యుంచిరి.